వెలిగించని కార్తీక దీపం

నాకు అన్నిటికన్నా నిప్పంటే భయం. మా బాబు సాకేత్‌కి నడక వచ్చాక ఆ భయం ఇంకా పెరిగింది. ఇంటర్ మధ్యలో చదువు ఆపేసి, పెళ్లి చేసుకుని, కంప్యూటర్లు రెండువేల సంవత్సరంలో ఆగిపోకుండా సరిచేసే వైటూకే ఉద్యోగానికొచ్చిన ఆయన వెంట ఈ పరాయి దేశంలో హారిస్ పార్క్ అనే పేటలో దిగినదాన్ని. నలుగురిలో నోరు విప్పడమన్నా భయమే.

ఆ ఏడు మా తెలుగు సంఘం రెండుగా చీలింది. హాలు బుకింగ్ గొడవలో ప్రెసిడెంట్ ఆనందరావు అంకుల్ రాజీనామా చేశారు. మగవాళ్లలో ఎవర్నడిగినా డిసెంబరు దాకా ఆఫీసులో ఊపిరాడదన్నారు. అప్పుడు అంకులే లేచి, "ఈసారి లేడీస్‌కి చాన్సిద్దాం" అన్నారు. అందరూ చప్పట్లు కొట్టి లీలగారిని నిలబెట్టారు. బ్యాంకు కంప్యూటర్లు చూసే ఆవిడకీ డిసెంబరు దాకా ఊపిరాడదని ఎవరికీ గుర్తు రాలేదు.

"కాలు విరిగిన కుర్చీ చూపించి కూర్చోమన్నారు" అని కారులో మా ఆయన నవ్వారు.

కార్తీక వనభోజనాలకి ఇక్కడ ఉసిరి చెట్టెక్కడిది? పార్కులో యూకలిప్టస్ చెట్టు మొదట్లో ఉసిరికాయ పచ్చడి సీసా పెట్టి, దాని పక్కన దీపం వెలిగించడం మా వాళ్ల అలవాటు. కార్తీకమంటే ఇక్కడ ఎండలు మొదలయ్యే కాలం. ఆ ఉదయం రేడియోలో ఎండా గాలీ ఎక్కువన్నారు, ఆరుబయట నిప్పు వెలిగించొద్దన్నారు. లీలగారు ఇంటింటికీ ఫోన్ చేసి, పార్కులో వంట లేదు, ఎవరి కుక్కర్లో అన్నం వాళ్లు వండి తెమ్మన్నారు.

అన్నాలు వచ్చాయి. దీపం దగ్గర పేచీ వచ్చింది.

"వంట మానేశాం, సరే. దీపం కూడానా అమ్మా? ఒక్క వత్తి!" అంటూ అంకుల్ అగ్గిపెట్టె తీశారు.

"వద్దంకుల్. ఫైర్ బ్యాన్ అంటే దీపానికి కూడా బ్యానే."

"ఏళ్ల తరబడి పెడుతున్నాం. నీ ప్రెసిడెంట్‌గిరీ దేవుడి మీద కూడానా?"

ఎవరో కిసుక్కుమన్నారు. చప్పట్లు కొట్టినవాళ్లంతా విస్తళ్లు సర్దుకుంటున్నారు. ఇక్కడ మాట పోతే ఇక ఆవిడ మాట ఎవరూ వినరు.

"వెలిగించకండి" అన్నారు లీలగారు మళ్లీ. గొంతు వణికింది.

సాకేత్ నా చెయ్యి విడిపించుకుని సీసా వైపు పరుగెత్తాడు. వాడి కాళ్ల కింద ఎండు బెరడు పటపటమంది.

"వెలిగించొద్దంకుల్! నాకు భయంగా ఉంది!" అని అరిచాను.

"ఓహో, నీకూ నోరొచ్చిందే" అన్నారాయన. అగ్గిపెట్టె మాత్రం జేబులో పెట్టుకున్నారు. లీలగారు సాకేత్‌ని ఎత్తుకొచ్చి నా పక్కనే భోజనానికి కూర్చున్నారు.

ఆ రోజు ఏమీ జరగలేదు. జనవరి ఒకటిన కంప్యూటర్లకూ ఏమీ కాలేదు. "ఇంతోటిదానికా అంత హడావుడి?" అని ఆఫీసులో మా ఆయన్ని అడిగారు. మా వాళ్ల కాంట్రాక్టు ఉద్యోగాలు పోవడం మొదలయ్యాక, ఆడమనిషి దీపం ఆపింది, అందుకే ఇలా అయిందని సంఘంలో అన్నారు. ఆ మాటలు పడుతూనే ఆవిడ రెండు వర్గాలనూ ఒక హాల్లో కూర్చోబెట్టారు. సంఘం కుదుటపడగానే ఆ కుర్చీ అంకుల్‌కి మళ్లీ ముద్దొచ్చింది.

నాకు మాత్రం ఆవిడ చేసిన మేలు అంతా ఇంతా కాదు. శనివారాలు సాకేత్‌ని తన దగ్గర ఉంచుకుని నన్ను ఇంగ్లిష్ క్లాసుకి పంపారు. ఈ నాలుగు ముక్కలు రాసే ధైర్యం ఆవిడ పెట్టిందే.

ఇప్పుడావిడ ఈ దేశానికి ఆ చివరనున్న పెర్త్‌లో, కానింగ్ వేల్‌లో ఒక్కరే ఉంటున్నారు. మూతపడబోయే ఏదో కంపెనీని నిలబెట్టమని మేనేజరుగా పిలిచారట. ఫోన్ చేస్తే "బాగానే ఉన్నాన్రా" అన్నారు. గొంతు ఆ రోజు పార్కులో వణికినట్టే వణికింది. ఇది చదివే మీలో అటువైపు ఉన్నవాళ్లు ఎవరైనా ఒకసారి వెళ్లి చూసి రండి. అన్నం తింటున్నారో లేదో అడగండి. వెళ్లేటప్పుడు కాస్త ఉసిరికాయ పచ్చడి పట్టుకెళ్లండి.