మాట్లాడని విండో

అక్క ఇంటికి వచ్చి చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూలబడింది. రోజూ అయితే వాటిని తలుపు పక్కన గోడకు ఆనించి, మర్నాడు చేతికి దొరికేలా పెడుతుంది. తమ్ముడు అది చూసి పొయ్యి ఆర్పేశాడు.

“ఏమైందక్కా?”

“మిషన్ మూగబోయిందిరా.”

అక్కకు పుట్టినప్పటి నుంచీ చూపు లేదు. ఆసుపత్రిలో ఫోన్లు తీసే ఉద్యోగం. ఎవరైనా ఫలానా డాక్టరు కావాలంటే, తెర మీద ఉన్నదాన్ని కంప్యూటర్‌లోని గొంతు ఆమె చెవిలో చదువుతుంది. అది విని లైను కలుపుతుంది. ఆ కంప్యూటర్‌లో నడిచే ఆపరేటింగ్ సిస్టమ్ ఎవరి సొత్తూ కాదు. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, బాగుచేయవచ్చు. దాన్ని తయారుచేసే గుంపులో తమ్ముడూ ఒకడు.

“ఎంతసేపు ఆగింది?”

“నాకేం తెలుసు? నొక్కుతూనే ఉన్నా. ఎవరో తల్లి ఫోన్లో ఏడుస్తోంది, పిల్లాడు గుండీ మింగేశాడని. ‘ఒక్క నిమిషం అమ్మా, ఒక్క నిమిషం’ అంటున్నా. చివరికి పక్క సీటామె పరుగెత్తుకొచ్చి కలిపింది. పిల్లాడు బాగానే ఉన్నాడట, కనుక్కున్నా.” అక్క నవ్వబోయి మానుకుంది. “మా సూపర్వైజరు వచ్చి, ‘మీకు ఒంట్లో బాగోలేదా అండీ’ అన్నాడు. ఎప్పుడూ కసురుకునే మనిషి. ఆ మర్యాదకే భయమేసిందిరా. ఇంకోసారి ఇలా అయితే ఇంటికి వెళ్లమని కూడా అంతే మర్యాదగా చెప్తాడు.”

తమ్ముడు కుర్చీ లాక్కుని ఆమె ఎదురుగా కూర్చున్నాడు.

తెర మీద కనిపించే విండోలూ బటన్లూ అన్నీ గీసిపెట్టేదాన్ని టూల్‌కిట్ అంటారు. గుంపు దగ్గర అవి రెండున్నాయి. పాతది చూడ్డానికి వికారం, నడక నత్తది. కానీ తాను గీసిన ప్రతి బటన్ పేరూ గొంతుకు అందిస్తుంది. కొత్తది నిగనిగలాడుతుంది, వేలు పెడితే నీళ్లలా కదులుతుంది. గొంతుకు మాత్రం ఒక్క ముక్క చెప్పదు. రెండింటినీ మొయ్యలేక, ఏదో ఒకదాన్నే అందరికీ ప్రామాణికం చేద్దామని గుంపు తలపెట్టింది. కొత్తదే నెగ్గుతుందని అందరూ అనుకుంటున్నారు.

అది మాట్లాడదని తమ్ముడికి ముందునుంచీ తెలుసు. అయినా నోరు మెదపలేదు. గుంపులో ఒక ఆనవాయితీ ఉంది. దేన్నయినా వద్దన్నవాడే దాన్ని చక్కదిద్దే బరువూ ఎత్తుకోవాలి. ఊరికే అడ్డుపుల్లలు వేసేవాళ్ల కోసమని గుంపు పెద్దాయన పెట్టిన పద్ధతి అది. దానికి సాక్ష్యం గుంపులోని ప్రింటర్ల బావ. అసలు పేరు ఎవరికీ గుర్తులేదు. ఒకప్పుడు ప్రింటర్ల విషయంలో దేనికో “వద్దేమో” అన్నాడు. అంతే, లోకంలో ఉన్న ప్రింటర్లన్నీ వచ్చి అతని మెడకు చుట్టుకున్నాయి. తన పెళ్లిలో కూడా, ఎవరికో కాగితం ఇరుక్కుందని ఫోన్ వస్తే మధ్యలో లేచి వెళ్లాడని చెప్పుకుంటారు.

అదలా ఉంచితే, ఆసుపత్రిలో ఉన్నది పాతదే కదా! మరి అక్కడెందుకు ఆగింది? ఇంట్లోకి పాము దూరడం చూసి, ఏ మూలకు పోయిందో చూడనివాడిలా అయిపోయాడు తమ్ముడు. అక్క మాట్లాడుతూనే ఉంది. అతనికి వినబడలేదు.

మర్నాడు గుంపు సమావేశం. టైర్ల దుకాణం మీద గది. రబ్బరు వాసన, కింద గాలి కొట్టే మిషన్ రొద. బల్ల చివర పెద్దాయన, ఆయన పక్కన కొత్త టూల్‌కిట్ తయారుచేసిన ఆవిడ. ఆమెను అందరూ రంగులమ్మ అంటారు. ఆమెకూ ఆ పిలుపు ఇష్టమే.

“వాడేవాళ్లందరినీ అడిగేశాం,” అంది రంగులమ్మ ఉత్సాహంగా. “నిన్న అందరి తెరల మీదికీ ఒక విండో పంపాం. కొత్తది వద్దనుకుంటే ‘వద్దు’ నొక్కమన్నాం. ఏమీ నొక్కకపోతే ఒప్పుకున్నట్టే. వద్దన్నవాళ్లు పిడికెడు మంది కూడా లేరు!”

“ఏదీ, ఆ విండో చూపించు,” అన్నాడు పెద్దాయన.

చూపించింది. ముచ్చటగా ఉంది. “దీన్నీ కొత్తదాంతోనే గీశా. జనం దాని సోకు చూస్తారు కదా అని. జవాబివ్వకపోతే కాసేపటిదాకా పక్కకు పోదు. నొక్కనివాళ్లకి ఇప్పుడే మళ్లీ పంపుతున్నా, ఆఖరిసారి.”

తమ్ముడికి పాము కనిపించింది.

అక్క ఈపాటికి డ్యూటీలో కూర్చుని ఉంటుంది. చెవిలో గొంతు, చేతి కింద మీటలు, పక్కన ఫోన్. రంగులమ్మ వేలు పంపే బటన్ వైపు వెళుతోంది. ఎదురుగా ప్రింటర్ల బావ, కళ్ల కింద నల్లటి వలయాలతో, ఫోన్లో ఎవరికో కాగితం ఎటు తిప్పి పెట్టాలో టైపు చేస్తున్నాడు. నేనూ ఇలాగే అయిపోతాను అనిపించింది. ఈలోగా ఇంకెవరైనా అంటారేమోనని చుట్టూ చూశాడు. ఎవరూ అనేలా లేరు.

“వద్దు.”

ఆ గొంతు తనదేనా అని తనకే అనుమానం వచ్చింది.

గది మొత్తం ఇటు తిరిగింది. ప్రింటర్ల బావ ఫోన్ కింద పెట్టేశాడు. “‘వద్దేమో’ అను నాయనా! చివర్న ‘ఏమో’ తగిలించు, తొందరగా.”

“నీకు పనిచేసిందేంటి బావా?” అన్నారెవరో. నవ్వులు.

తమ్ముడు నవ్వలేదు. “ముందు ఆ వేలు తియ్యండమ్మా,” అన్నాడు రంగులమ్మతో. ఆమె తీసింది. “నిన్న ఆ విండో మా అక్క తెర మీదికి వచ్చింది. వచ్చినట్టు ఆవిడకు తెలీదు. అది గొంతుకు ఏమీ చెప్పదు కదా. కీబోర్డు మాత్రం దాని చేతిలోకి పోయింది. అక్క ఏది నొక్కినా దానికే వెళ్లింది. అవతల ఫోన్లో ఒక తల్లి ఏడుస్తోంది. మీరేమో మా అక్క ఏమీ అనలేదని, ఒప్పుకున్నవాళ్లలో కలిపేశారు. అలాంటివాళ్లు ఇంకెంతమందో.”

కింద గాలి మిషన్ బుస్సుమని ఆగింది. రంగులమ్మ తన విండో వైపే చూస్తూ ఉండిపోయింది. ముఖంలో రంగు లేదు.

“ముందే చెప్పొచ్చు కదా నువ్వు?” అంది.

తమ్ముడు ప్రింటర్ల బావ వైపు చూశాడు. బావ తల దించుకున్నాడు.

పెద్దాయన కళ్లద్దాలు తీసి తుడిచి పెట్టుకున్నాడు. “ఆ లెక్క కొట్టెయ్యండి. అది చెల్లదు. కొత్తదాన్ని పారెయ్యొద్దు, కానీ అది నోరు తెరిచేదాకా పాతదాన్ని ఎవరూ కదపొద్దు. ఆ తర్వాతే ప్రామాణికం సంగతి.” ఆగి అందర్నీ చూశాడు. “మరి మాట నేర్పేదెవరు?”

అందరికీ ఒక్కసారిగా బల్ల మీద చూడాల్సినవి ఏవో కనిపించాయి.

“వద్దన్నది నువ్వే కదా అబ్బాయ్.”

“అవునండీ.”

మెట్లు దిగుతుంటే ప్రింటర్ల బావ భుజం మీద చెయ్యి వేశాడు. “పెళ్లేమైనా చేసుకునేదుంటే ముందే కానిచ్చెయ్,” అన్నాడు. జాలిగానే అన్నాడు.

ఆరోజు ఆసుపత్రిలో మిషన్ ఆగలేదు. తర్వాత కూడా ఆగలేదు. సూపర్వైజరు మళ్లీ కసురుకోవడం మొదలుపెట్టాడట. అక్క ఆ సంగతి శుభవార్తలా చెప్పింది.

తమ్ముడి సెలవులన్నీ ఆ పనిలోనే కరిగిపోయాయి. చివరికి ఒక సాయంత్రం కొత్తదాన్ని ఇంట్లో కంప్యూటర్‌లో పెట్టి, అక్కను కూర్చోబెట్టాడు. ఆమె ఒక మీట నొక్కింది.

ఏమీ లేదు.

ఆ కాస్త నిశ్శబ్దంలో అతనికి ఫోన్లో ఆ తల్లి ఏడుపు వినిపించింది, తాను ఎన్నడూ విననిది.

“బటన్,” అంది గొంతు.

అక్క మళ్లీ నొక్కింది. “బటన్.” ఇంకోటి. “బటన్.”

“ఏ బటన్‌రా? పేర్లు పెట్టలేదా వీటికి?”

“పెడతానక్కా. ఒక్కోదానికీ పెట్టాలి.”

“చాలా ఉన్నాయా?”

“మళ్లీ సెలవులు పెట్టాలక్కా.” అక్క అర్థం చేసుకుని అతని నెత్తిన ఒక్కటి మొట్టింది.

“పోనీలే, పలుకుతోంది కదా. కనీసం తిట్టడానికి వీలుంటుంది,” అని మళ్లీ మీటల మీదికి చెయ్యి పోనిచ్చింది.

తమ్ముడు పక్కనే నిలబడ్డాడు. ఆమె నొక్కిన ప్రతిసారీ, గొంతు పలికేదాకా అతను ఊపిరి బిగబట్టే ఉన్నాడు.