అట్టముక్క ఫోను

సీసా మూతలు సబ్బునీళ్లలో వేసి కడుగుతుంటే మా అత్తగారు వంటింటి గుమ్మంలో నిలబడి, "చెత్తబుట్టలోకి పోవాల్సినవాటికి తలంటు పోసే మనిషిని నిన్నే చూశానమ్మా," అంది.

సింకులో ఒక పక్క పొద్దుటి అంట్లు, ఇంకో పక్క మూతలు. అంట్లు తోముతున్నంతసేపూ ఈ ఇంట్లో ఎవరూ నా వంక చూడరు. మూతలు ముట్టుకుంటే మాత్రం అందరికీ నోరు లేస్తుంది. నేను పనిచేసేది చిన్నపిల్లల బడిలో. ఇంకా పలక పట్టని పిల్లలు. వాళ్లకి పాఠమంటే ఆటే. పెద్ద మూత కింద చిన్న మూత దాస్తే చిన్నా పెద్దా తెలుస్తుంది. తడి ఇసకలో వేలుతో గీత గీస్తే రేపు పెన్సిలు పట్టే బలం వస్తుంది. అట్టపెట్టెని బస్సు చేసి కూర్చోబెడితే, ఇంట్లో నోరు విప్పని పిల్ల కూడా "టికెట్, టికెట్" అని అరుస్తుంది. వీటన్నిటికీ సరుకు ఎక్కడినుంచి వస్తుందని ఎవరూ అడగరు. నా సంచీలోంచి వస్తుంది. నా ఆదివారాల్లోంచి వస్తుంది.

"పిల్లలతో ఆడుకుంటే జీతమిచ్చే చోటు దొరికిందంటే నీ అంత అదృష్టవంతురాలు లేదు," అంటారు మా ఆయన. ఇంటికి స్నేహితులొస్తే, "మా ఆవిడ ఆటల టీచరు. అలిసిపోయొచ్చాక ఇంట్లో రెస్టు తీసుకుంటుంది," అంటారు. వాళ్లు నవ్వుతారు. నేను టీ కప్పులు అందిస్తూ నవ్వుతాను. ఆ రెస్టు ఏమిటో ఆ కప్పులు కడిగేటప్పుడు నాకు తెలుస్తూ ఉంటుంది.

ఏ కొత్త ఆటైనా ముందు మా పిచ్చుకతో ఆడించి చూడటం నాకు అలవాటు. పిచ్చుక నా కూతురు. సన్నగా ఉంటుంది, ఒక్కచోట నిలవదు, అందుకని ఆ పేరు. దానికి నాలుగేళ్లు, మా బడికే వస్తుంది. దానికి విసుగొచ్చిన ఆట బడికి తీసుకెళ్లను. ఆ ఆదివారం చేసింది ఫోను ఆట. అరచేయంత అట్టముక్కలు రెండు కత్తిరించి, కడిగిన మూతలు బొత్తాల్లా అంటించాను. కొత్తగా చేరిన పిల్లలు కొందరు మాతో మాట్లాడరు, ఫోను చేతికిస్తే మాట్లాడతారని నా ఆశ.

నిజం చెప్పాలంటే ఆ వారమంతా నాకు ఏ పని మీదా మనసు లేదు. మూతలు కడగటం కూడా చేతులు ఊరికే ఉంటే ఏడుపొస్తుందనే.

మా బడికి ఊరి అవతల రెండో శాఖ తెరుస్తున్నారు. బడి పెట్టిన మేడమ్ నన్ను తన గదిలోకి పిలిచి, "అది నువ్వే చూసుకోవాలమ్మా. గదులెలా ఉండాలో కూడా నువ్వే చెప్పు," అంది. ఆ రోజు ఇంటికెలా వచ్చానో నాకు తెలియదు. అన్నం వారుస్తున్నా ఆ గదులే. అలమరలు పిల్లల ఎత్తున ఉండాలి, బొమ్మ కావాలంటే టీచర్ని బతిమాలుకోకుండా వాళ్లే తీసుకోవాలి. నీళ్ల తొట్టి కిటికీ దగ్గర పెట్టాలి. ఒక మూల చిన్న ఇల్లు, అందులో వంట చేసేది ఎప్పుడూ ఆడపిల్లే కాకుండా చూడాలి. మా ఆయనకి చెబితే శ్రద్ధగా విన్నారు. "మంచిదే. చూద్దాం," అన్నారు. చూద్దాం అన్న మాట మా ఇంట్లో దేనికి వాడతారో పెళ్లైన ఇన్నేళ్లకైనా నాకు తెలిసి ఉండాల్సింది.

పోయిన వారం మీటింగులో మేడమ్ ఆ బాధ్యత నాకంటే చిన్నదైన ఇంకో టీచరుకి ఇచ్చేసింది. కారణం చెప్పలేదు. అందరూ లేచి వెళుతుంటే నా భుజం తట్టి, "ఇల్లు చూసుకోవటం కూడా చిన్న పనేం కాదమ్మా," అంది. ఆ మాట నాకు అర్థం కాలేదు. నాలో ఏం తక్కువైందో వెతుక్కున్నాను. పెద్దగా మాట్లాడతానా? బట్టలు బాగుండవా? పిల్లల తల్లిదండ్రులతో ఇంగ్లీషులో తడబడతాననా? ఆ చిన్న టీచరు నా దగ్గరికొచ్చి, "అక్కా, గదులెలా సర్దాలో కాస్త చెప్పవా?" అని అడిగితే, నా తలలో ఉన్న అలమరలూ తొట్టీ ఇల్లూ అన్నీ దాని చేతిలో పెట్టేశాను. ఇంటికొచ్చి మా ఆయన భుజం మీద తల పెట్టి ఏడ్చాను. ఆయన నా వీపు నిమిరారు. "పోనీలే, వాళ్లకి నీ విలువ తెలీదు. నేనున్నానుగా," అన్నారు. ఎంత మంచి మనిషి దొరికాడనుకున్నాను.

మూతల మీద జిగురు ఆరాక పిచ్చుకని పిలిచాను. "ఎవరు ఎవరికి ఫోను చేస్తున్నారు?" అని అడిగాను. మా పద్ధతి అదే. ఆటలో పిల్లలు మనకి ఏ వేషమిస్తే అదే వెయ్యాలి. దిద్దకూడదు, మధ్యలో ఆపకూడదు.

"నేను నాన్న. నువ్వు మేడమ్," అంది.

"ఏ మేడమ్?"

"బడి మేడమ్. కూచో. నీ ఫోను మోగుతోంది, ఎత్తు."

ఎత్తాను. "హలో, ఎవరండీ?"

పిచ్చుక ఒక చెయ్యి నడుం మీద వేసుకుని, గడ్డం పైకెత్తి, గదిలో అటూ ఇటూ నడవటం మొదలెట్టింది. అచ్చం ఆయన నడకే. నవ్వాపుకున్నాను.

"నమస్కారం మేడమ్. పిచ్చుక వాళ్ల నాన్నని."

"నమస్కారమండీ. చెప్పండి."

"అదే మేడమ్, ఆవిడకి ఇష్టం లేదండీ."

"దేనికండీ?"

"కొత్త బడి. ఆవిడకి మొహమాటం ఎక్కువ. మీ ముందు ఒప్పేసుకుంది. ఇంటికొచ్చి ఒకటే ఏడుపు."

నా నవ్వు ఎక్కడికో పోయింది. బడిలో ఇలాంటప్పుడు మేం చేసేది ఒకటే, గొంతు మారకుండా ఇంకో ప్రశ్న అడగటం. అడిగాను. "అలాగా? మాతో ఏమీ చెప్పలేదే?"

"చెప్పదండీ. మీరూ అడక్కండి, బాధపడుతుంది. నేను ఫోన్ చేశానని కూడా అనకండి." పిచ్చుక గొంతు సవరించుకుని, ఆయనలాగే ముక్కుతో నవ్వింది. "అంతేనండీ మేడమ్, ఆడవాళ్లు." తర్వాత నా వైపు తిరిగి తన సొంత గొంతుతో, "ఇప్పుడు నువ్వు 'అయ్యో పాపం' అనాలి," అంది.

"ఎందుకు?"

"మేడమ్ అట్లాగే అంది. నాన్న గడ్డం గీసుకుంటూ స్పీకర్లో పెట్టాడుగా. నాకు జ్వరమొచ్చి బడికి రాలేదు చూడు, అప్పుడు. నేను అక్కడే మేడ కడుతున్నా. అను, అమ్మా."

పిల్ల చెక్కముక్కలతో ఆడుకుంటోంది కదా, దానికేం వినపడుతుందిలే అనుకుని ఉంటారు. ఆడుకునే పిల్లలకి వినపడనిది ఏదీ ఉండదు. ఆ సంగతి ఆయనకి ఎవరు చెబుతారు? నా ఉద్యోగం గురించి ఆయన ఎప్పుడైనా వింటే కదా.

"అయ్యో పాపం," అన్నాను. నన్ను చూసి నేనే అన్నాను. పిచ్చుక తృప్తిగా ఫోను పెట్టేసింది.

హాల్లోకి వెళ్లాను. ఆయన పేపరు చదువుతున్నారు. అత్తగారు టీవీ ముందు బట్టలు మడతపెడుతోంది.

"మేడమ్‌కి మీరు ఫోన్ చేశారా?"

"ఏ మేడమ్?" అన్నారు. పేపరు దించలేదు. తర్వాత, "పిల్లేదో వాగితే పట్టుకుని..." అన్నారు. పిల్ల చెప్పిందని నేను అనలేదు. ఆ మాట నోట్లోంచి వచ్చాక ఆయనకీ తెలిసింది.

"చేశాను. చేస్తే ఏమైంది? నీ మంచికే చేశాను. ఊరవతలికి రోజూ వెళ్లొస్తే ఎవరు చూస్తారు ఇల్లు? పిల్లకి జ్వరమొస్తే ఎవరుంటారు?"

"నేను ఏడ్చిన రోజు నా వీపు నిమిరింది కూడా నా మంచికేనా?"

అత్తగారు మడతపెడుతున్న దుప్పటి ఒళ్లో పెట్టుకుని కొడుకు వైపు చూసింది. "నువ్వు ఫోన్ చేశావురా? దానికి చెప్పకుండానా?" అంది. "నేను వంద అంటాను, మొహమ్మీదే అంటాను. ఇదేం పని?"

పొద్దున్న లేస్తే నన్ను ఏదో ఒకటి అనే మనిషికి ఈ సంగతి తెలియదు. ఆయనకి తల్లి అలా అనటం ఎక్కడో తగిలింది. పేపరు విసిరేసి, "నేనొక్కణ్నే అనుకోలేదు. వాళ్లమ్మని అడిగే చేశాను. ఆవిడే చెప్పమంది. కావాలంటే కనుక్కోమను," అన్నారు.

మా అమ్మ. కొత్త శాఖ సంగతి ఆయన కంటే ముందు నేను చెప్పింది మా అమ్మకి. "నా తల్లే, నువ్వు సాధిస్తావే," అని ఫోనులో ముక్కు చీదింది. నేను ఆనందం అనుకున్నాను.

అమ్మ ఫోను ఎత్తింది. అడిగాను. "అల్లుడుగారు అంత ఇదిగా అడిగితే ఏమనమంటావే? ఆయనకి నచ్చని పని చేస్తే కాపురం చెడుతుందని నా భయం నాది. ఉన్న ఉద్యోగం ఉందిగా."

"ఒక్కమాట నన్నడిగితే నీకేం పోయేదమ్మా?"

"నిన్నడిగితే కావాలంటావు కదే," అంది మా అమ్మ.

ఎంత మామూలుగా అందో. కూరలో ఉప్పు సంగతి చెప్పినంత మామూలుగా. ఆయన మీద వచ్చినంత కోపం కూడా రాలేదు నాకు. నాకు కావాలని వాళ్లందరికీ తెలుసు. అందుకే ఎవరూ నన్ను అడగలేదు.

సోమవారం పిల్లలు రాకముందే మేడమ్ గదికి వెళ్లాను. జరిగింది చెప్పాను. ఆవిడ మొహం ఎర్రబడింది. "ఇంటాయన స్వయంగా చేసి చెప్పాక, నేను కాదని ఎలా అంటానమ్మా? నిన్ను ఇబ్బంది పెట్టకూడదనే అడగలేదు," అంది.

ఉద్యోగంలో చేరిన కొత్తలో ఈవిడే మాకు నేర్పింది, పిల్లాడి చేతిలోంచి బొమ్మ తీసుకోవాలంటే ముందు వాడి ఎదురుగా మోకాళ్ల మీద కూర్చుని, వాడి కళ్లలోకి చూసి, "తీసుకోనా?" అని అడగాలని. అడక్కుండా లాక్కుంటే ఆ పిల్లాడు ఇక మనల్ని నమ్మడని. గది నిండా పోస్టర్లు అవే. నేను ఆ పోస్టర్ల వైపు చూస్తుంటే ఆవిడ తల దించుకుంది.

"ఆ పోస్టు ఇచ్చేశాను. ఇప్పుడు ఆ పిల్లని దించలేను," అంది.

"దించమనటం లేదు మేడమ్."

ఆవిడ కాసేపు బల్ల మీద పెన్ను దొర్లించింది. "అక్కడ సాయంత్రం పూట మనిషి కావాలి. రాత్రి దాకా పని చేసే తల్లుల పిల్లలుంటారు. వాళ్లని ఆడించి, అన్నం పెట్టి, తల్లులొచ్చేదాకా ఉండాలి. అందరినీ అడిగాను, సాయంత్రాలంటే ఎవరూ ముందుకు రావటంలేదు. ఆ వేళప్పుడు అక్కడ ఏం జరగాలో చూసుకునేది ఆ మనిషే, పైన ఎవరూ ఉండరు. నీకు కుదరదనుకో..."

"కుదురుతుంది."

"తొందరపడకు. ఇంట్లో ఒకసారి అడిగి రేపు చెప్పు."

"నన్ను అడిగారు కదా మేడమ్. నేను చెప్పాను."

ఆవిడ నా మొహంలోకి చూసింది. "ఒకటో తారీకు నుంచి," అంది.

సాయంత్రాలంటే మా ఇంట్లో ఏమేం ఉంటాయో నాకు తెలుసు. పిచ్చుక స్నానం, దాని అన్నం, ఆయన టీ, అత్తగారి మాత్రలు, మర్నాటి కూరగాయలు. ఆరింటికల్లా ఆయన ఇంట్లోనే ఉంటారు. చేతులున్నాయి. నేర్చుకుంటారు. అన్నం కలిపేటప్పుడు పిల్ల ఏం మాట్లాడుతుందో వింటే ఇంకా మంచిది.

ఆ రోజు నేను ఇంటికొచ్చేసరికి ఆయన గుమ్మంలోనే ఉన్నారు. నిన్నటినుంచి నేను మాట్లాడటం లేదు. ఆయనకి అదే ఎక్కువ కష్టంగా ఉన్నట్టుంది. చెప్పులు విప్పుతుంటే వెనకే వచ్చి, గొంతు మెత్తగా చేసుకుని, "మేడమ్‌ని కలిశావా? ఏమంది? ఏం తేల్చావు?" అని అడిగారు.

"ఫోన్ చేసి కనుక్కోండి," అన్నాను.