రెండు వందల గంటలు

దుకాణం తెరిచిన రోజు నా చేతిలో ఉన్నవి మూడు: పది అడుగుల గది, ఎవరో వాడి వదిలేసిన ఒక జత స్పీకర్లు, మా బావ చెవులు. మూడింటిలో విలువైనవి ఆ చెవులే. మా అక్క భర్త ముప్పై ఏళ్లు రికార్డింగ్ స్టూడియోలో సౌండ్ ఇంజినీరుగా పనిచేశాడు. ఆయన దుకాణంలో కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని "ఊఁ" అంటే సరుకు అమ్ముడుపోయినట్టే. పెదవి విరిస్తే దాన్ని అల్మారా ఎక్కించేవాణ్ణి కాదు.

ఒక్క విషయంలో మాకు పడేది కాదు. స్పీకరుకి బిగించే కొత్త కేబుల్ రెండు వందల గంటలు పాట మోస్తేగాని దాని అసలు ధ్వని బయటికి రాదని చెప్పి అమ్మేవాణ్ణి. ఆ గంటలు నిండేదాకా దాన్ని కదపకూడదు, కదిపితే లెక్క మళ్లీ మొదటికొస్తుంది. ఈ నియమం పెట్టింది నేనే. మా దగ్గర కొన్న సరుకు నచ్చకపోతే వారంలోగా తిరిగి ఇవ్వొచ్చు. రెండు వందల గంటలంటే ఎనిమిది రోజుల పైమాట. ఆపాటికి గడువు దాటుతుంది, చెవి కూడా అలవాటు పడుతుంది.

"అదేమన్నా కొత్త చెప్పాట్రా, నడవగా నడవగా కాలికి సరిపడ్డానికి? రాగి తీగ!" అనేవాడు బావ.

"నీకేం పోయింది బావా? నమ్మినవాడు హాయిగా వింటున్నాడుగా."

"నమ్మించినవాడు ఇంకా హాయిగా ఉన్నాడు."

కొత్తగా కట్టిన ఒక ఆడిటోరియం మేనేజరు హాలంతటికీ కేబుళ్లు కావాలన్నాడు. "శుక్రవారం వస్తాను. ధ్వని మారిందని మీ బావగారు అంటే మారినట్టే" అన్నాడు. అంతకు ముందు శనివారం పొద్దున కొత్త జత బిగించి, రాత్రీ పగలూ ఆపకుండా పాటలు పెట్టాను. బావ ఒప్పుకుంటాడన్న ఆశ నాకు పెద్దగా లేదు.

సోమవారం ఆయన కుర్చీలో నిటారుగా కూర్చున్నాడు.

"ఒరేయ్, ఇటు రా. ఎడమవైపు పదును తగ్గిందిరా. తాళాల మోత మెత్తబడింది. ఇన్నాళ్లూ నిన్ను ఊరికే ఆడిపోసుకున్నాను."

నేల మీద కాలు నిలవలేదు నాకు. "రెండువైపులా ఒకేసారి మారవు బావా. ఎడమది ముందు మారింది."

"రెండు వైర్లూ అటూ ఇటూ మార్చి చూద్దామా?" అంటూ చెయ్యి చాపాడు.

"అమ్మో, కదిపావో, మళ్లీ మొదటికే!"

"సరే మహానుభావా, నీ శాస్త్రం నీది" అని నవ్వి చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

మంగళవారం అక్క ఫోన్ చేసింది. "మీ బావకేమైందిరా? ఎడమ పక్కన నిలబడి పిలిస్తే ఉలుకూ పలుకూ లేదు. పెళ్లాం మాట వినపడకుండా ఏమన్నా విద్య నేర్చుకున్నావా అంటే ఇకిలిస్తాడు."

ఆ సాయంత్రం బావ టీకి వెళ్లగానే నేను ఆ కుర్చీలో కూర్చున్నాను. నా చెవికి రెండువైపులా సమంగానే వినిపించింది. లేచి, నా నియమం నేనే తప్పి, ఎడమ వైరు కుడికీ కుడి వైరు ఎడమకీ మార్చేశాను. బావ వచ్చి కూర్చున్నాడు.

"ఎలా ఉంది?"

"అలాగే ఉంది. ఎడమే మెత్తగా."

వైరు కుడికి వెళ్లింది. మెత్తదనం మాత్రం వెళ్లలేదు. అంటే అది వైరులో లేదు.

చెప్పాలని నోరు తెరిచాను. చెప్తే తిన్నగా డాక్టరు దగ్గరికి వెళ్తాడు. శుక్రవారం మేనేజరు ముందు మారిందన్న మాట అనడు. మూడు రోజులే కదా అనుకున్నాను.

"బాగుంది కదా మరి" అన్నాను.

శుక్రవారం బావ చెప్పాడు, మేనేజరు సంతకం పెట్టాడు. ఆయన కారు మలుపు తిరగ్గానే, "బావా, ఒకసారి చెవి చూపించుకో" అన్నాను.

"పొద్దుట్నుంచీ ఒకటే హోరు. ఆదివారంతో రెండు వందలూ నిండుతాయిగా, అది కూడా వినేసి సోమవారం వెళ్తాలే. మధ్యలో లేస్తే నీ లెక్క చెడిపోదూ?"

వైర్లు మార్చానన్న ఒక్క ముక్క చాలు, అప్పుడే లేచేవాడు. ఆ ముక్క అంటే సంతకం చెరిగిపోతుంది. కుర్చీ కాస్త ముందుకు జరిపి ఇచ్చాను.

ఆదివారం ఎడమవైపు అసలేమీ వినపడలేదు. సోమవారం డాక్టరు పరీక్ష కాగితం చూసి, "మొదలై వారమైందా? మొదటి రెండు మూడు రోజుల్లో వచ్చి ఉంటే చాలావరకు నిలబెట్టేవాళ్లం. ఇన్నాళ్లూ ఎందుకు ఆగారు?" అని అడిగాడు.

"కేబుల్ అనుకున్నానండీ" అన్నాడు బావ.

మందులు వాడినా చెవి తిరిగి రాలేదు. నెల తర్వాత ఆయన నా భుజం మీద చెయ్యి వేసి, "పోతే పోయిందిరా. పోయే ముందు ఆ తీగ మారడం నా చెవులతో విన్నాను. అదొక్కటి మిగిలింది" అన్నాడు.

"అవును బావా" అన్నాను, ఆయన కుడి చెవి వైపుకి జరిగి.

నాకు మిగిలినవి: ఆడిటోరియం ఆర్డరు, దాన్ని చూసి వచ్చిన మరో రెండు హాళ్లు, గోడ మీద చట్రం కట్టించిన బావ మాట. అక్క ఇప్పటికీ నన్ను తమ్ముడూ అనే పిలుస్తుంది. ఇవన్నీ ఆ మూడు రోజుల సంపాదనే.