పాత సిస్టమ్‌లో కొత్త కంపైలర్

నాకు కొత్తదేదైనా ముందు అనుమానం, తర్వాత కోపం. తాండూరు బజారులో మా నాన్న దుకాణానికి తాళం వేశాక దాని మీద ఇంకో తాళం వేసేవాడు, ఆపైన ఒకసారి గుంజి చూసేవాడు. ఆయన కొడుకును నేను, రాధాకిషన్‌ని. అందుకేనేమో 1988లో మా సిమెంటు ఫ్యాక్టరీలో కంప్యూటర్ గదిని నాకు అప్పజెప్పారు.

ఆ గదికి వికారాబాద్ నుంచి రోజూ ప్యాసింజర్ రైల్లో వచ్చేది ఖుర్షీదా. ఆరు నెలల కాంట్రాక్టు మీద తీసుకున్న ప్రోగ్రామర్. సున్నపురాయి, ఎర్రమట్టి ఏ పాళ్లలో కలపాలో గంటగంటకూ చెప్పే ప్రోగ్రాం రాయడం ఆమె పని. రాసింది కూడా. కానీ జవాబు ల్యాబువాళ్లు చేత్తో చేసిన లెక్కకు ఎప్పుడూ కొంచెం తేడాగానే వచ్చేది. వారం రోజులు తల బద్దలు కొట్టుకుని కారణం పట్టుకుంది. ఆమె రాత సరిగానే ఉంది. దాన్ని మిషను భాషలోకి మార్చే కంపైలరే చిన్న చిన్న దశాంశాల దగ్గర తప్పుతోంది.

కంప్యూటర్ అమ్మిన కంపెనీకి రాస్తే, కొత్త కంపైలర్ కావాలంటే మొత్తం సిస్టమ్ మార్చుకోండి అన్నారు. సిస్టమ్ మారిస్తే లారీలు తూచే కాటా ప్రోగ్రాం ఆగిపోతుంది. దాన్ని రాసినాయన ఎప్పుడో ఉద్యోగం మానేసి వెళ్లిపోయాడు. మేనేజర్ అనంతయ్య ససేమిరా అన్నాడు. శనివారం పన్నెండింటికల్లా లెక్క కలవకపోతే ఆమె ప్రోగ్రాం పక్కన పెట్టేస్తామని, కాంట్రాక్టు పొడిగించేది లేదని కూడా చెప్పాడు.

"సిస్టమ్ జోలికి పోను సార్," అంది ఖుర్షీదా నాతో. "కంపైలర్ ఒక్కటే వేరే కంపెనీ నుంచి టేపు మీద తెప్పిచ్చిన. పాతది ఉన్నకాడనే ఉంటది. కొత్తదానికి, అది వాడుకునే లైబ్రరీల సామానుకు వేరే డైరెక్టరీ పెడ్త. నా ప్రోగ్రాం ఒక్కటే దాన్ని వాడుకుంటది."

"కాటాకు ఏమన్నయితే?"

"కొత్తది వచ్చిందని కాటాకు తెల్వనే తెల్వదు సార్. ఫికర్ చెయ్యకుండ్రి."

సరేనన్నాను గానీ నమ్మకం కుదరలేదు. బుధవారం కొత్త కంపైలర్ ఎక్కించి ఆమె రైలుకు వెళ్లగానే, అన్ని ప్రోగ్రాంలకూ వర్తించే సెట్టింగుల ఫైలు తెరిచి నా తాళం నేను వేశాను. ఏ ప్రోగ్రాం ఏ సామాను అడిగినా ముందు పాత చోటే వెతకాలని ఒక లైను రాశాను.

గురువారమంతా, శుక్రవారమంతా ఆమె ప్రోగ్రాం నడుపుతూనే ఉంది. అదే పాత జవాబు. కొత్తవన్నీ ఇంతే అని లోలోపల కొంచెం సంతోషించాను కూడా. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

శనివారం పదింటికి ఆమె కాగితాలు సర్దుకుంటోంది. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

"కంపైలర్ కొత్తదే నడుస్తుంది సార్. కానీ గుణకారాలు చేసే లైబ్రరీ మాత్రం పాతది తెచ్చుకుంటుంది. నా ఫైళ్ల ఎక్కడ్నో తప్పు చేసిన. మూడు వందల లైన్లు మళ్ల చదివిన, దొరుకుతలేదు."

బుధవారం నేను రాసిన లైను గుర్తొచ్చింది. తప్పు దొరకనిది అది ఆమె ఫైల్లో లేదు గనుకే. ఆమె టీకి వెళ్లినప్పుడు ఆ లైను తీసేస్తే ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే టీకి పంపబోయాను. కానీ తప్పు తనదేనని ఆమె ఎప్పటికీ అనుకుంటుంది కదా అనిపించి నోరు విప్పాను.

"తప్పు నీది కాదు బిడ్డా. నేను చేసిన."

స్క్రీన్ మీద ఆ లైను చూపించాను.

"రెండు రాత్రులు నిద్ర పోలే సార్ నేను," అంది.

తీసేస్తానని చెయ్యి ముందుకు పెట్టాను. ఆమె వద్దంది. "ఉండనియ్యుండ్రి. పాత ప్రోగ్రాంలకు అది మంచిదే. నా ఒక్క ప్రోగ్రాంకు ముందు కొత్త చోట చూడుమని రాస్త."

రాసింది. ప్రోగ్రాం మళ్లీ తయారవడానికి అరగంట పట్టింది. ఈలోగా కాటా దగ్గరున్న నర్సింహులుకు మూడుసార్లు ఫోన్ చేశాను. లారీలు వస్తున్నాయి, పోతున్నాయి, మీకేమైంది సార్ అని విసుక్కున్నాడు. పదకొండున్నరకు ఖుర్షీదా కొత్త జవాబు ఫోన్‌లో ల్యాబుకు చదివి వినిపించింది. అక్కడి జహంగీర్ తన లెక్క రెండోసారి చూసుకుని, "కలిసింది," అన్నాడు. ఆమె ఫోన్ పెట్టేసి కుర్చీలో కూలబడింది.

పన్నెండింటికి అనంతయ్య వచ్చి కాగితం చూశాడు.

"కొత్తది బుధవారమే ఎక్కించిండ్రట గద, గీ పని గురువారమే ఎందుకు కాలే? పిల్లకు చాతకాకనా?"

"నేను అడ్డం పడ్డ సార్," అన్నాను. జరిగింది జరిగినట్టు చెప్పాను. ఆయన నన్ను ఎగాదిగా చూసి, ఆమె కాంట్రాక్టు కాగితం తెప్పించి ఇంకో ఏడాదికి సంతకం పెట్టాడు. కాగితం ఆమె చేతికిచ్చి వెళ్లిపోయాడు.

"తప్పు నా మీద పెట్టినా నేను ఏమనకపోదును సార్. లెక్కయితే కలిసె గద," అంది ఖుర్షీదా.

"తెలుసు," అన్నాను. "అందుకే నిజం చెప్పిన."