నెయ్యి జాడీ పైఅరకు ఎక్కే రోజులు

ఏటా చలి వెనకపట్టి, వంటింటి గట్టు మీద ఎండ పొద్దున్నే చురుక్కుమనగానే ఆమె నెయ్యి జాడీని పైఅరకు ఎక్కించేది. బెల్లం డబ్బా దాని పక్కకు చేరేది. కిందికి బార్లీ, శొంఠి, తేనె దిగేవి. చలికాలమంతా ఒంట్లో పేరుకున్న కఫం వసంతంలో కరుగుతుందని, అప్పుడు తీపి, జిడ్డు, బరువు తగ్గించాలని మామగారి దగ్గర నేర్చుకుంది. ఆయన ఆయుర్వేద వైద్యుడు. "నాది ఉత్త సలహా, మా కోడలిది శాసనం" అనేవాడు వచ్చినవాళ్ళతో.

ఈ ఏడు జాడీ ఇంకా కింది అరలోనే ఉంది.

చెల్లెలు బదిలీ మీద తిరిగొచ్చింది. నర్సు. భర్త పోయాక దూరపు ఊళ్ళో ఉద్యోగం వస్తే కూతుర్ని అక్క దగ్గర వదిలి వెళ్ళింది. ఆ పిల్లను ఎవరూ అసలు పేరుతో పిలవరు; అందరికీ పిడుగే. పిల్లలు లేని ఆ ఇంట్లోకి చిన్న కంచం వచ్చింది పిడుగు కోసమే.

పక్కవీధిలో ఇల్లు కుదిరిన రోజే చెల్లెలు ఖాళీ సంచితో వచ్చింది. "బట్టలు సర్దక్కా, తీసుకెళ్తాను."

అక్క కదల్లేదు. మామగారు కళ్ళజోడు తీశాడు.

"ఆగమ్మా. ఋతువు మారేటప్పుడు కూడా పాత తిండి ఒక్కసారిగా మానెయ్యం. ఒక వంతు తగ్గించి, కొత్తది ఒక వంతు కలుపుకుంటూ పోతాం. లేకపోతే ఒళ్ళు తిరగబడుతుంది."

"ఇది తిండి గొడవ కాదు కదా బాబాయిగారూ. నా కూతురు."

"దాని ఆకలి ఈ ఇంటికి అలవాటు పడింది. ఆకలికి చుట్టరికాలు తెలీవమ్మా."

అలా ముందు పొద్దుటి తిండి తల్లి దగ్గరికి వెళ్ళింది. తర్వాత మధ్యాహ్నం భోజనం, ఆ వెనక సాయంత్రం చిరుతిండి. రాత్రి భోజనం ఒక్కటే పెద్దమ్మకు మిగిలింది. అది తిని పిడుగు ఆమె పక్కనే పడుకునేది.

పెద్దవాళ్ళ కంచాల్లో వసంతం వచ్చేసింది. చిన్న కంచంలో మాత్రం చలికాలమే. చిక్కగా కాచిన పాలు, బాదం ముద్ద, బెల్లం, పైన నెయ్యి.

"అమ్మ బార్లీ జావ పెడుతోంది. గడ్డిలా ఉంది" అంది పిడుగు మూతి తుడుచుకుంటూ. "నేను రాత్రిళ్ళు ఎప్పటికీ ఇక్కడే తింటా."

ఆమె ఇంకో చెంచా నెయ్యి వేసింది.

కొన్నాళ్ళకు పిల్లకు దగ్గు పట్టుకుంది. ఒక పొద్దున చెల్లెలు డ్యూటీకి వెళ్తూ, తిండికి తన దగ్గరికి వచ్చిన పిడుగును వెంటబెట్టుకుని వచ్చింది.

"నా దగ్గర ముద్ద ముట్టడం లేదక్కా. బాబాయిగారు చెప్పినట్టే వండుతున్నాను. నువ్వు పాటిస్తుంటే ఇన్నాళ్ళూ నవ్వాను కదా, ఇప్పుడు నేనే పాటిస్తున్నా." చెల్లెలి గొంతు సన్నబడింది. "వంట నచ్చకా, నేను నచ్చకా?"

మామగారు పిల్ల నాలుక చూశాడు. తెల్లగా పూత కట్టి ఉంది.

"రాత్రి ఏం తిన్నావే పిడుగూ?"

పిల్ల పెద్దమ్మ వైపు చూసింది. "జావ తాతయ్యా" అంది. ఎప్పుడూ అబద్ధం ఆడని పిల్ల, కన్నార్పకుండా.

ఆమె చెల్లెలి వైపు తిరిగింది.

"పాలు, బెల్లం, నెయ్యి" అంది. "రోజూ నేనే పెడుతున్నాను. రాత్రిది అరక్కే పొద్దున ఆకలుండటం లేదు. నీ వంటలో లోపం లేదే. నీలోనూ లేదు."

చెల్లెలు అక్క మొహంలోకి చూసింది. కోపం రావలసిన చోట రాలేదు. "నాకు చెప్పొచ్చుగా అక్కా" అంది.

"ఏమని చెప్పను?"

మామగారు కిటికీ వైపు తిరిగి కూర్చున్నాడు.

ఆ సాయంత్రం ఆమె బట్టలు సర్దింది. చిన్న కంచం తోమి, తుడిచి, గౌనుల మధ్య పెట్టింది. తల్లి వేలు పట్టుకుని గుమ్మం దిగిన పిడుగు ఆగి, వెనక్కి తిరిగింది.

"మళ్ళీ చలికాలం ఎప్పుడొస్తుంది పెద్దమ్మా?"

"ముందు ఎండలు రావాలి. తర్వాత వానలు."

"చాలా ఉందే."

"చాలా ఉంది తల్లీ" అంది ఆమె.

వాళ్ళు మలుపు తిరిగేదాకా నిలబడి, లోపలికి వెళ్ళి పీట వేసుకుని, జాడీని పైఅరకు ఎక్కించింది. వెనక్కి నెట్టబోయి, అంచునే ఉంచింది.