నలభై ఒక్క పేర్లు

కోటేశ్వరమ్మ కుప్పకూలినప్పుడు ఆమె చేతులు ఇంకా జోడించే ఉన్నాయి. దిల్‌సుఖ్‌నగర్ మెయిన్ రోడ్డు మీద, మా చీరల షోరూం ముందు మెట్టు మీద, మిట్టమధ్యాహ్నం ఎండలో పడిపోయింది. పొద్దున పదింటి నుంచి వచ్చే కస్టమర్లకు, పోయే కస్టమర్లకు దండం పెడుతూ నిలబడింది. పడ్డాక కుచ్చిళ్లు పైకి జరిగి ఎడమ కాలికి చుట్టుకున్న గుడ్డ బయటపడింది. చీమూ నెత్తురూ ఇంకి కాలికి అతుక్కుపోయిన గుడ్డ. ఒకావిడ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని పక్కనుంచి లోపలికి వెళ్లిపోయింది. మేనేజర్ చక్రపాణి వచ్చి చూసి, "లోపలికి తీసుకుపోండి, గిరాకీ టైం" అన్నాడు. గుక్కెడు నీళ్లు తెమ్మని కూడా అనలేదు.

నా పేరు సంధ్యారాణి. ఆ షోరూంలో చీరలకు ఫాల్ కుట్టేదాన్ని. మూడో అంతస్తులో, మెట్ల కింద నా మిషన్. అక్కడ కూర్చుని పని చేసేది నేనొక్కదాన్నే, మిషన్ నిలబడి తొక్కలేం కాబట్టి. చీరలు చూపించే నలభై మంది ఆడవాళ్లూ పొద్దున పది నుంచి రాత్రి తొమ్మిది దాకా నిలబడాల్సిందే. గిరాకీ లేకపోయినా కూర్చోకూడదు, కౌంటర్‌కు ఆనుకోకూడదు. కోచింగ్ సెంటర్ల ముందు బస్సు దిగే పిల్లలారా, అద్దాల వెనక మమ్మల్ని మీరు చూసే ఉంటారు. నవ్వుతూ ఉంటాం కదా. ఆ నవ్వు కింద కాళ్లు ఎట్లా ఉంటాయో ఎవరూ వంగి చూడరు.

చక్రపాణి కూడా కోచింగ్ సెంటర్ నుంచి వచ్చినవాడే. అక్కడ లీడర్‌షిప్ గురించి, పనిచేసే చోట మనుషుల ప్రవర్తన గురించి క్లాసులు చెప్పేవాడు. మా ఓనర్ విశ్వేశ్వరరావు ఆ క్లాసు ఒకటి విని మురిసిపోయి, అతన్ని మేనేజర్‌గా తెచ్చుకున్నాడు. వచ్చిన వారానికే కొత్త పద్ధతి మొదలైంది. సోమవారం సోమవారం మాలో ఒకరికి 'లీడర్' అని బ్యాడ్జి పెడతాడు. ఎవరు కూర్చున్నారో, ఎవరు ఆనుకున్నారో ఆ వారమంతా లీడర్ కనిపెట్టాలి. సాయంత్రానికి ఒక పేరు చీటీ మీద రాసివ్వాలి. ఆ పేరు గలావిడకు మర్నాడు మెట్టు మీద దండం డ్యూటీ. పేరు ఇవ్వకపోతే లీడరే మెట్టెక్కాలి. లీడర్ కానివాళ్లూ చాటుగా చీటీ ఇవ్వచ్చు. ఇక కాపలావాళ్లెందుకు, మాకు మేమే కాపలా. పాడు తెలివి అంటే ఇదే.

ఆ వారం లీడర్ రమ్య. ఇరవై రెండేళ్ల పిల్ల, నల్లగొండ పల్లె నుంచి వచ్చి ఎల్బీనగర్‌లో గది కిరాయికి తీసుకుని ఉంటోంది. అవి సకల జనుల సమ్మె రోజులు. బస్సులు బందయ్యాయి. రోడ్డు పొడుగునా పోలీసులు. రమ్య రోజూ నడిచి వచ్చేది, దారిలో ఏ ఊరేగింపు కనిపించినా గొంతు కలిపేది. మా ఓనర్ది కోస్తా. అద్దాలు పగలకుండా షాపు నెత్తిన నిలువెత్తు 'జై తెలంగాణ' బ్యానర్ కట్టించాడు.

కోటేశ్వరమ్మకు మొహం మీద నీళ్లు చల్లి, గోడకు ఆనించి కూర్చోబెట్టాక రమ్యను పక్కకు లాగాను.

"ఆమె కాలు సంగతి నీకు తెల్వదా?"

"తెలుసక్కా."

"మరెందుకు రాసినవే?"

"రాయకపోతే నేను నిలవడాలె. పోయిన నెల మూడు దినాలు నిలవడ్డ. ఎవరు రాసిన్రు? గా ఆంధ్రా ఆంటీలే. మనోళ్లయితే రాస్తరా?"

నాకు ఒళ్లు మండింది. చెంప పగలగొడదామన్నంత కోపం వచ్చింది. కానీ కూర్చుని కుట్టుకునేదాన్ని, నాకేం హక్కుంది.

ఆ సాయంత్రం కోటేశ్వరమ్మను ఆటోలో మలక్‌పేట దవాఖానకు తీసుకుపోయాను. నరాలు ఉబ్బి పుండు పడిందని, ఇంకా నిలబడితే కాలు దక్కదని డాక్టర్ ఉన్నమాట చెప్పాడు. బయటికొచ్చి ఆమె దవాఖాన అరుగు మీద కూర్చుంది.

"పని మానెయ్ అక్కా" అన్నాను.

"మానేసి ఏం తినను సంధ్యా? మా ఆయన మంచాన పడి రెండేళ్లయింది. నన్ను కూర్చోనిచ్చే కొట్టు ఈ రోడ్డు మీద ఒక్కటి చూపించు, రేపే పోతాను."

చూపించలేకపోయాను. లేదు గనక.

మర్నాడు కుంటుకుంటూ వచ్చింది. చక్రపాణి చీటీ చూపించి, "డ్యూటీ సగంలో ఆగింది కదా, ఆదివారం పూర్తి చేయండి" అన్నాడు. దసరా ముందు ఆదివారం, ఏడాదికల్లా పెద్ద గిరాకీ రోజు. పదకొండు గంటలు మెట్టు మీద. ఆ కాలు ఇక ఆమెకు ఉండదని నాకు అర్థమైంది.

మా అన్నాలు డాబా మీద. తెలంగాణ వాళ్లది ఒక గుంపు, కోస్తా వాళ్లది ఒక గుంపు, మధ్యలో నీళ్ల ట్యాంకు. ఆ రోజు నేను కోటేశ్వరమ్మ చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి రమ్య ఎదురుగా కూర్చోబెట్టాను. అందరూ నమలడం ఆపారు. డాక్టర్ చెప్పింది చెప్పాను. రమ్య తల వంచుకుంది.

"సారే చెప్పిండు" అంది. "మనోళ్ల జోలికి పోకు బిడ్డా, ఆంధ్రోళ్లు మస్తుమంది ఉన్నరు, వాళ్లను రాయి అన్నడు."

కోటేశ్వరమ్మ నవ్వింది. ఆ నవ్వు నాకు నచ్చలేదు, భయమేసింది.

"నాకేం చెప్పాడో తెలుసా అమ్మాయ్? మన వైపు వాళ్ల జోలికి పోమాకండి కోటేశ్వరమ్మ గారూ, ఈ జై తెలంగాణ పిల్లల పొగరు కాస్త దించండి, అన్నాడు. నేనూ దించాను. పోయిన నెల చాటుగా నీ పేరు రాసింది నేనే. మూడు రోజులూ నేనే."

"నువ్వా ఆంటీ? నీకు నేను టీ తెచ్చిచ్చేదాన్ని గద?"

"తెచ్చావు. తాగి, రాశాను."

రమ్య డబ్బా మూత విసిరికొట్టి లేచింది. గోడ దాకా పోయి ఏడ్చింది, మళ్లీ వచ్చి కూర్చుంది. "గాయన అసలు ఎవరి మనిషి?" అని అడిగింది.

"జీతమిచ్చేవాడి మనిషి" అన్నాను. "ఒక్కతి కూసుంటే మెట్టు మీద నిలవెడతడు. అందరం కూసుంటే ఎక్కడ నిలవెడతడు?"

ఉదయలక్ష్మి అనే ఏలూరు అమ్మాయి చప్పున అంది: "నువ్వెప్పుడూ కూర్చునే ఉంటావుగా, నీకేం పోద్ది? మా ఉద్యోగాలు పోతాయ్."

నిజమే అంది. సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. మిషన్ వదిలి కిందికొచ్చి మీతోనే కూర్చుంటానని మాటిచ్చాను. అన్నాల టైం అయిపోయేదాకా తిట్టుకున్నారు, పాత చీటీలన్నీ తవ్వుకున్నారు. చివరికి ఎవరూ సరేనని గట్టిగా అనలేదు. కానీ దిగేటప్పుడు ఉదయలక్ష్మి కోటేశ్వరమ్మ డబ్బా తను పట్టుకుంది.

ఆదివారం పదకొండున్నరకు షాపు కిక్కిరిసింది. కోటేశ్వరమ్మ మెట్టు వదిలి లోపలికొచ్చింది, రమ్య పక్కన నేల మీద చతికిలబడింది. నేను కూర్చున్నాను. ఒక్కొక్కరే కూర్చున్నారు. ఉదయలక్ష్మి అందరికంటే ఆఖరున, కళ్లు మూసుకుని కూర్చుంది. చీరలు విప్పినవి విప్పినట్టే ఉన్నాయి. చక్రపాణి పరుగున వచ్చాడు.

"ఎవరెవరు కూర్చున్నారో పేర్లివ్వు" అన్నాడు రమ్యతో.

రమ్య చీటీ ఇచ్చింది. నలభై ఒక్క పేర్లు. మొదట తనది, చివర నాది. అతను చదువుతూ ఉంటే పెదవులు పాలిపోయాయి.

విశ్వేశ్వరరావు స్వయంగా దిగివచ్చాడు. మెత్తటి మనిషి, కేకలేయడు. కోటేశ్వరమ్మ ముందు వంగి, "ఒంట్లో బాగోలేదని నాకెవరూ చెప్పలేదమ్మా. మీకొక్కరికీ స్టూలు వేయిస్తాను, ఎన్నాళ్లైనా కూర్చునే పని చేయండి. లేవండి" అన్నాడు.

షాపంతా ఆమెనే చూస్తోంది. ఆమెకు కావలసింది అంతే కదా. ఒక్క స్టూలు దొరికితే కాలు దక్కుతుంది, కూడు దక్కుతుంది. లేస్తుందనే అనుకున్నాను, అబద్ధమెందుకు. లేచినా తప్పుపట్టేదాన్ని కాదు.

ఆమె కాలు చేత్తో నిమురుకుంది. "నలభై వేయించండి బాబూ" అంది.

అరగంటలో పోలీసులొచ్చారు. సమ్మె పేరుతో షాపు మీద మేం దాడి చేశామట. కూర్చున్నవాళ్లం దాడి చేశామట. "లీడర్ ఎవరు?" అని అడిగితే చక్రపాణి రమ్యను, కోటేశ్వరమ్మను చూపించాడు. ఆడ కానిస్టేబుళ్లు రెక్కలు పట్టి లేపారు. కోటేశ్వరమ్మ అడుగు తీయలేకపోయింది. రమ్య ఆమెను నడుం పట్టుకుని వ్యాను ఎక్కించింది, తర్వాత తను ఎక్కింది. "భయపడకు ఆంటీ, నా మీద ఒరుగు" అనడం మాకు వినిపించింది.

మిగిలిన ముప్పై తొమ్మిది మందిమి రోడ్డు మీదికొచ్చి నినాదాలిస్తూ వ్యాను వెనక నడిచాం. మమ్మల్ని చూసి పక్క షాపు మేనేజర్ షట్టర్ దించి తాళం వేశాడు, లోపల పనిచేసే అమ్మాయిలు బయటికి రాకుండా. దాని పక్కది దిగింది. ఎదురు వరసలో మూడు దిగాయి. పండగ బజారు పట్టపగలు మూతపడుతూ వచ్చింది. మా నినాదాలు ఆగిపోయాయి.

అప్పుడు మొదటి షట్టర్ లోపలి నుంచి ఎవరో పిడికిలితో బాదారు. రెండో దానిలోంచి బాదారు. తర్వాత ఆ వరసంతా మోగింది. సగం మందిని వ్యాను వెంట పంపించి, మిగిలినవాళ్లం మొదటి షట్టర్ దగ్గరికి నడిచి, తాళం ఎవరి దగ్గరుందని అడిగాం.