ఎద్దు ఎందుకు మెడ వంచింది?

పాలు పొంగితే ఇల్లు తగలబడుతుందనీ, పిల్లలు తుమ్మితే ఊపిరితిత్తులు చెడ్డాయనీ తీర్మానించే మనిషి కాబట్టి, వీధిలోవాళ్లు ఆమెకి గాభరమ్మ అని పేరు పెట్టారు. ఇంట్లోనే ఒక గదిలో మిషను పెట్టుకుని బట్టలు కుడుతుంది. పోయిన నెల ఆ గదిలోనే, కాలుతున్న ఇస్త్రీపెట్టె మీద చిన్నాడు చెయ్యి వేశాడు. అరచెయ్యంతా బొబ్బలు. స్విచ్చి ఆపే బజారుకి వెళ్లినట్టు ఆమెకి గుర్తు. కానీ బొబ్బలు అబద్ధం చెప్పవు కదా! అప్పట్నుంచీ అత్తగారు పూటకోసారి దెప్పుతూనే ఉంది.

ఇప్పుడింకో భయం వచ్చిపడింది. చర్చిలో ఆదివారం బడి టీచరమ్మ పిల్లలకి ఒక మాయల సినిమా చూపించి, చేతికొక ప్రశ్నల కాగితం ఇచ్చి పంపింది. పైన పెద్దక్షరాలు: 'ఈ కథలో క్రీస్తు ఎక్కడ?'

"మంత్రగత్తె ఉన్నచోట క్రీస్తుకేం పనండీ?" అని గాభరమ్మ ఫోన్‌లో నిలదీసింది.

"మీరూ ఒకసారి చూడండమ్మా," అని టీచరమ్మ నవ్వింది. ఆ నవ్వు మీద కూడా గాభరమ్మకి అనుమానమే.

పదేళ్ల కూతురు ఆ సినిమాని ఇంట్లో మళ్లీ మళ్లీ పెట్టుకుంటోంది. అదీ ఒక్క ముక్కే. అన్నం సగంలో వదిలేస్తోంది. తమ్ముణ్ణి ఎత్తుకోవడం మానేసింది. మిషను గదిలోకి రమ్మంటే గడప దగ్గరే ఆగిపోతోంది. పిల్లకి ఏదో పట్టింది, సందేహం లేదు.

ఆ మధ్యాహ్నం గాభరమ్మ లంగా అంచు కుడుతున్న వంకతో పక్కనే కూర్చుంది. తెర మీద ఒక కోట. బొమ్మగుర్రానికి ఆశపడి ఒక పిల్లాడు మంత్రగత్తెకి తలుపు తీశాడు. తలుపు తీసినవాడి మెడకి ప్రాణం తీసే ఇనప కాడి వెయ్యాలని ఆ కోట కట్టడి. ఇంతలో తెల్లటి ఎద్దొకటి వచ్చి, "ఆ కాడి నాకు వెయ్యండి," అంది.

"ఎద్దు మాట్లాడ్డమేంటే? సైతాను పని కాకపోతే!"

"బైబిల్లో గాడిద మాట్లాడలేదా అమ్మా?"

"దాన్ని దేవుడు మాట్లాడించాడు."

"దీన్నెవరు మాట్లాడించారో నీకేం తెలుసు?"

గాభరమ్మ నోట్లోని దారం పుటుక్కున కొరికింది. ఎద్దు మెడ వంచింది. పిల్ల మొహం అటు తిప్పేసుకుంది.

ప్రశ్నల కాగితం అందుకుని గాభరమ్మ వేలు పెట్టి చదివింది. 'ఎద్దు ఎందుకు మెడ వంచింది?' దగ్గర ఖాళీ. 'ఈ కథలో నువ్వెవరు?' దగ్గర రాసి, చెరిపి, కాగితం అరిగిపోయింది. బట్టలో చిల్లులు వెతికినట్టు దాన్ని కిటికీ వెలుగుకి ఎత్తిపట్టింది. అక్షరాల జాడ తేలింది: తలుపు తీసిన పిల్లాణ్ణి.

"ఏం చేశావే? ఎవరికి తీశావు తలుపు? చెప్పు!"

"తలుపు కాదమ్మా..." పిల్ల వెక్కింది. "నువ్వు బొత్తాలు తేవడానికెళ్లినప్పుడు... బొమ్మ గౌను ముడతలు పడిందని... ఇస్త్రీపెట్టె నేనే పెట్టాను. ఆపడం మర్చిపోయాను."

గాభరమ్మ చెయ్యి లేచింది. నెల రోజుల మాటలు! పడుకున్నా లేచినా, నా బిడ్డ చెయ్యి నేనే కాల్చానని కుమిలిపోవడం! ఇప్పుడే వెళ్లి అత్తగారి మొహం మీద చెప్పెయ్యాలి. పిల్ల దెబ్బకి సిద్ధంగా కళ్లు మూసుకుంది.

అంతలో అత్తగారే చిన్నాణ్ణి చంకనేసుకుని వచ్చింది. "ఆ పెట్టె ఆపిందో లేదో చూడవే మనవరాలా! మీ అమ్మ మతిమరుపుకి మనం బూడిదైపోగలం."

పిల్ల నోరు తెరిచింది. "నానమ్మా, ఆ రోజు..."

ఎత్తిన చెయ్యి పిల్ల భుజం మీద వాలి గట్టిగా నొక్కింది.

"గది నాది, పెట్టె నాది అత్తయ్యా. అనేదేదో నన్నే అనండి," అంది గాభరమ్మ తల వంచుకుని.

ఎదురు జవాబుకి కాచుకున్న అత్తగారు తెల్లబోయింది. చిన్నాణ్ణి దింపి, గొణుక్కుంటూ వెళ్లిపోయింది. పిల్ల తమ్ముణ్ణి ఒళ్లోకి లాక్కుని వాడి అరచేతిలో మచ్చ మీద ఊదింది.

గాభరమ్మ లేచి మిషను గదిలోకెళ్లి ఇస్త్రీపెట్టె తీగ గోడలోంచి పీకేసింది. మళ్లీ వెళ్లి చూసొచ్చింది. అప్పుడు వచ్చి పిల్ల పక్కన చతికిలబడింది.

"ఆ ఎద్దు చస్తుందా, బతుకుతుందా? ముందే చెప్పు. నేను తట్టుకోలేను."

"రెండూనమ్మా."

"రెండూ ఎలా అవుతాయే?" అంటూ అనుమానంగానే తెరకేసి జరిగింది గాభరమ్మ.